పిల్లలు తగ్గుతున్నారంటారు, జనాభా పెరుగుతోందంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజం?

వెన్నెల_ఎం
రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. తమ్ముడేమో "జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు, 2019-21లో మన టీఎఫ్‌ఆర్, అంటే ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 2.0కి వచ్చేసింది, తరం భర్తీ కావడానికి కావాల్సిన 2.1 కంటే తక్కువ, ఇక జనాభా తగ్గడమే" అంటాడు. నాన్నేమో "2023లో చైనాని దాటేశామని ఐక్యరాజ్యసమితే చెప్పింది, ఏటా కోటి మందికి పైగా కలుస్తున్నారు, తగ్గడమెక్కడ" అంటారు. ఇద్దరూ పేపర్లో చదివిందే చెబుతున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఎవరో ఒకరు తప్పే కదా? లింకులు పడేసి వెళ్ళిపోకండి, కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

నిశాచరి
ఇద్దరూ తప్పే. 2011 తర్వాత సెన్సస్ ఎక్కడ జరిగింది? 2021లో జరగాల్సింది వాయిదా పడింది. మనం చదివేవన్నీ అంచనాలు. అంచనాలు పట్టుకుని కొట్టుకోవడం దేనికి?

ధర్మసందేహం
నిశాచరి గారూ, అంచనా అంటే గాలిలో దీపం కాదండీ. నిన్న ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్ళారు. ఇంతే లెక్క. ఇంటి ఖర్చు రాసుకున్నట్టే.

లెక్కల_మాస్టారు
వెన్నెల గారూ, మీ నాన్నగారూ కరెక్టే, తమ్ముడూ కరెక్టే. ఒక కాగితం తీసుకోండి.

ఊహకి ఒక చిన్న దేశం అనుకుందాం. అందులో మూడు తరాలు. 30 ఏళ్ళ లోపు వాళ్ళు 300 మంది, 30 నుంచి 60 వాళ్ళు 200, 60 దాటిన వాళ్ళు 100. మొత్తం 600. కింద వెడల్పు, పైన సన్నం, ఎందుకంటే ఇంతకు ముందు తరాల్లో పిల్లలు ఎక్కువ పుట్టేవారు.

ఇప్పుడు ఈ దేశంలో పిల్లలు తగ్గారు. ప్రతి 10 మంది స్థానంలో 9 మందే పుడుతున్నారు. అంటే భర్తీ స్థాయికి కిందే. 30 ఏళ్ళు గడిచాక చూడండి. ఆ 300 మంది మధ్య గడిలోకి జరిగారు, వాళ్ళకి 270 మంది పుట్టారు. 200 మంది పైగడిలోకి వెళ్ళారు. పైన ఉన్న 100 మంది కాలం చేశారు. 270, 300, 200 కలిపితే 770. పిల్లలు తగ్గినా జనం 600 నుంచి 770 అయ్యారు!

ఇంకో 30 ఏళ్ళు: 243, 270, 300. మొత్తం 813. ఇంకా పెరిగింది.

ఇంకో 30 ఏళ్ళు: 219, 243, 270. మొత్తం 732. ఇప్పుడు మొదలైంది తగ్గడం.

తమ్ముడు చూస్తున్నది కింది గడి. నాన్నగారు చూస్తున్నది మొత్తం. పుట్టే పిల్లల సంఖ్య 300 నుంచి 270కి తగ్గినా, అదే కాలంలో పోయేవాళ్ళు 100 మందే, ఎందుకంటే పైగడిలో ఉన్నదే అంతమంది. దీన్నే జనాభా ఊపు అంటారు. నేతన్ కీఫిట్జ్ అనే ఆయన 1971లో దీన్ని సూత్రంగా రాశారు. బ్రేకు వేశాక కూడా బండి కొంత దూరం పోతుంది కదా, అలా.

వెన్నెల_ఎం
మాస్టారూ, ఇప్పుడే తమ్ముడి చేత ఆ మూడు గళ్ళూ గీయించి లెక్క వేయించాను. 813 దగ్గర ఆగి "ఇదేంటక్కా" అని మొహం చూశాడు. మరి నిజం దేశాల్లో కూడా ఇంత ఆలస్యం ఉంటుందా? అంటే 30 ఏళ్ళు, 60 ఏళ్ళు?

పట్టికల_పిచ్చి
ఉంటుంది. చైనానే చూడండి. అక్కడ టీఎఫ్‌ఆర్ 1990ల మొదట్లోనే 2.1 కిందికి పడిపోయింది. జనాభా తగ్గడం మొదలైంది 2022లో. మధ్యలో దాదాపు 30 ఏళ్ళు. ఆ 30 ఏళ్ళూ పేపర్లలో "అత్యధిక జనాభా గల దేశం" అనే రాశారు.

ఇంకో మాట. 2.1 అనేది శిలాశాసనం కాదు. ఇద్దరు తల్లిదండ్రులకి ఇద్దరు చాలు కదా, ఆ పైన 0.1 దేనికి? ఒకటి, ప్రతి 100 మంది ఆడపిల్లలకి 105 మంది దాకా మగపిల్లలు పుడతారు, ఇది ప్రకృతి లెక్క. రెండు, పుట్టిన ఆడపిల్లలందరూ తల్లి అయ్యే వయసు దాకా బతకరు. శిశు మరణాలు ఎక్కువ ఉన్న చోట 2.1 చాలదు, ఇంకా ఎక్కువ కావాలి. లింగ నిర్ధారణ చేయించి ఆడపిల్లల్ని పుట్టకుండా చేసే చోట కూడా అంతే.

నిశాచరి
చైనాది ఒకే బిడ్డ చట్టం వల్ల కదా. దాన్ని మామూలు దేశాలతో ఎలా పోలుస్తారు?

పట్టికల_పిచ్చి
అక్కడే అందరూ పొరపడతారు. 1970లో చైనాలో ఒక్కో మహిళకి ఆరుగురికి దగ్గరగా పిల్లలు. ఒకే బిడ్డ విధానం వచ్చే ముందు, 1970ల చివరికే, ముగ్గురి కిందికి వచ్చేసింది. పెద్ద పడిపోవడం చట్టానికి ముందే అయిపోయింది. 2015 చివర్లో ఆ విధానం ఎత్తేస్తున్నామని ప్రకటించాక అయినా పిల్లలు పెరిగారా అంటే, ఒకటి రెండేళ్ళు కాస్త పెరిగి మళ్ళీ పడిపోయింది.

ధర్మసందేహం
1970ల్లో కూడా ప్రభుత్వం ఊరుకోలేదు కదా. "ఆలస్యంగా, ఎడంగా, తక్కువగా" అని గట్టిగానే ప్రచారం చేసింది, ఒత్తిడీ పెట్టింది. చట్టానికి ముందు అంటే ప్రభుత్వానికి ముందు అని కాదు.

పట్టికల_పిచ్చి
అది ఒప్పుకుంటాను. నేను రాసింది సగమే. అయినా ఇరాన్ చూడండి, 1980ల మధ్యలో ఆరు దాటి ఉన్నది 2000 నాటికి రెండు దగ్గరికి వచ్చేసింది, ఒకే బిడ్డ చట్టం ఏమీ లేకుండా. ఆడపిల్లల చదువు, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, పుట్టిన పిల్లలు బతకడం. ఇవి మూడూ కలిస్తే చాలు.

మధుమాలతి
బలవంతం గురించి మాట్లాడేటప్పుడు రొమేనియా మర్చిపోకండి. 1966లో అక్కడి ప్రభుత్వం రాత్రికి రాత్రి గర్భస్రావాలు నిషేధించింది. 1966లో 1.9 ఉన్న టీఎఫ్‌ఆర్ 1967లో 3.7 అయింది. ఒక్క ఏడాదిలో! ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఆరేళ్ళ తర్వాత బడుల్లో బెంచీలు లేవు. ఆ తర్వాత జనం దొంగచాటు దారులు వెతుక్కున్నారు, రేటు మళ్ళీ దిగిపోయింది, ఆ దారుల్లో వేల మంది ఆడవాళ్ళు చనిపోయారు. అంకెల్లో ఒక్క గీత పైకి లేచి కిందికి దిగుతుంది. ఆ గీత వెనక ఎవరున్నారో కూడా చూడాలి.

లెక్కల_మాస్టారు
మధుమాలతి గారు చెప్పిన ఆ 1967 పిల్లలు రొమేనియా పిరమిడ్‌లో ఇప్పటికీ కనిపిస్తారు. వయసుల వారీగా జనాన్ని పట్టీలుగా పేరిస్తే వాళ్ళ పట్టీ ఒక్కసారిగా బయటికి పొడుచుకొస్తుంది. ఏటా ఒక మెట్టు పైకి జరుగుతుంది, అంతే. ఫ్రాన్స్‌లో దీనికి ఎదురు. 1914-18 యుద్ధంలో మగవాళ్ళు సరిహద్దుల్లో ఉన్నారు, పిల్లలు పుట్టలేదు, పిరమిడ్‌లో గాటు పడింది. ఆ పుట్టని పిల్లలు 20 ఏళ్ళకి తల్లిదండ్రులు కాలేదు కాబట్టి 1930ల చివర్లో ఇంకో గాటు. పిరమిడ్ అంటే దేశం ఒంటి మీది మచ్చలన్నీ కనిపించే ఫొటో.

కొత్త_గొంతు
మాస్టారు క్లాసులో వెనక బెంచీ ఖాళీ ఉందా? మూడు రోజులు లీవు పెట్టయినా కూర్చుంటాను.

సుగుణ_టీచర్
నిశాచరి గారు మొదట్లో లెక్కలే తప్పన్నారు కదా, దాని గురించి నా అనుభవం చెప్తాను. నేను రెండుసార్లు సెన్సస్ డ్యూటీ చేశాను. అన్నిటికంటే కష్టమైన గడి ఏదో తెలుసా? కులమూ కాదు, ఉద్యోగమూ కాదు. వయసు.

ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. "మీ వయసెంతమ్మా" అంటే "అరవై రాసుకో" అన్నారు. సరేనని రాయబోయి మళ్ళీ అడిగాను, పెద్దబ్బాయి వయసెంత అని. యాభై రెండట. పెళ్ళయ్యాక ఎన్నేళ్ళకి పుట్టాడు? మూడేళ్ళకి. పెళ్ళినాటికి మీకెన్నేళ్ళు? "పదమూడో పద్నాలుగో." కూడితే 68, 69. ఆవిడ నవ్వేసి "అయితే డెబ్భై రాసుకో" అన్నారు. చూశారా, అరవై నుంచి సరాసరి డెబ్భై! 69 రాశాను. కానీ అలా కూర్చుని అడగడానికి ప్రతి ఇంట్లో టైముండదు. ఎండలో తిరిగి తిరిగి సాయంత్రానికి ఫారాలు తిరగేస్తే 30, 35, 40, 45, 50, 60. 41 ఏళ్ళ మనిషి కనబడడు.

పట్టికల_పిచ్చి
టీచర్ గారూ, మీరు చెప్పినదానికి కొలబద్ద ఉంది. విపుల్ సూచీ అంటారు. 23 నుంచి 62 దాకా వయసులు తీసుకుని, అందులో సున్నాతో, అయిదుతో ముగిసే వయసుల వాళ్ళు ఎంతమందో చూస్తారు. అందరూ నిజం వయసు చెబితే సూచీ 100. అందరూ గుండు అంకెలే చెబితే 500. పుట్టిన తేదీ కాగితం మీద ఉన్న దేశాల్లో 100కి దగ్గరగా వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పారని కాదు, ఎవరికీ రాసిపెట్టిన తేదీ లేదని అర్థం.

నిశాచరి
చూశారా, నేనన్నదే మీరూ అంటున్నారు. తప్పుల తడక.

లెక్కల_మాస్టారు
తప్పు ఉందనడం వేరు, ఎంత తప్పో కొలవగలగడం వేరు నిశాచరి గారూ. ఈ విషయంలో ప్రపంచమంతా వాడే ఒక పద్ధతి మన దేశంలో సేకరించిన వివరాల మీదే పుట్టింది. 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ కలిసి రాశారు, కలకత్తా దగ్గర సింగూరులో జనన మరణాల లెక్క మీద.

ఆలోచన ఎంత సులువో చూడండి. రిజిస్ట్రారు పుస్తకంలో 80 మంది పుట్టినట్టు ఉంది. దానితో సంబంధం లేకుండా ఇంటింటికీ తిరిగిన వాళ్ళ జాబితాలో 90 మంది. రెండింట్లోనూ ఉన్నవాళ్ళు 72. అంటే సర్వే వాళ్ళు పట్టుకున్న 90 మందిలో 72 మంది రిజిస్టర్‌లో ఉన్నారు, 80 శాతం. కాబట్టి రిజిస్టర్ నూటికి 80 మందినే పట్టుకుంటోంది. అందులో ఉన్నది 80, కాబట్టి అసలు పుట్టింది 100. రెండు జాబితాల్లోనూ లేని ఇద్దరు పిల్లలు కూడా లెక్కలోకి వచ్చేశారు. ఏ పుస్తకంలోనూ లేని బిడ్డని ఇలా వెతికి పట్టుకోవడం నాకు ఎన్నిసార్లు చెప్పినా ఒళ్ళు పులకరించే విషయం.

నిశాచరి
సరే, ఇది నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. కానీ రెండు జాబితాలూ ఒకే రకం మనుషుల్ని వదిలేస్తే? దేశదిమ్మరులు, ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళు రెండిట్లోనూ ఉండరు.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. అప్పుడు అంచనా తక్కువే వస్తుంది. రెండు జాబితాలూ ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండాలన్నది అందుకే. ఆ షరతు తప్పితే పద్ధతీ తప్పుతుంది. చంద్రశేఖరన్, డెమింగ్ కూడా అందుకే జనాన్ని చిన్న చిన్న గుంపులుగా విడదీసి లెక్కవేయమన్నారు.

శారద_వి
మా అమ్మమ్మకి తొమ్మిది కాన్పులు. మిగిలింది ఐదుగురు. ఒకసారి సర్వే అమ్మాయి వచ్చి "మొత్తం ఎంతమంది పుట్టారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు" అని అడిగింది. అమ్మమ్మ మొదట ఐదు అంది. ఆ అమ్మాయి మెల్లగా మళ్ళీ అడిగితే వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కరి గురించీ చెప్పింది, పేరు పెట్టకముందే పోయిన ఇద్దరితో సహా. నేను పక్కనే ఉన్నాను, పోయినవాళ్ళ గురించి అప్పుడే మొదటిసారి విన్నాను. పోయిన పిల్లల్ని గుర్తు చేసి ఏడిపించడం ఎందుకని ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఆ రెండు ప్రశ్నలు ఎందుకడుగుతారో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

పట్టికల_పిచ్చి
శారద గారూ, ఆ రెండు ప్రశ్నలే ఎన్నో దేశాల్లో శిశు మరణాల లెక్కకి ఆధారం. మరణాలు నమోదు చేసే ఆఫీసే లేని చోట ఎంతమంది పిల్లలు పోతున్నారో ఎలా తెలుస్తుంది? విలియం బ్రాస్ అనే ఆయన 1960ల్లో చూపించిన దారి ఇది. తల్లుల వయసు, వాళ్ళకి పుట్టినవాళ్ళు, బతికున్నవాళ్ళు. ఈ మూడింటితో గత కొన్నేళ్ళలో పిల్లల మరణాలు ఏ స్థాయిలో ఉన్నాయో రాబట్టవచ్చు. ఆఫ్రికా దేశాల లెక్కలు చాలావరకు ఇలాగే కట్టారు. మీ అమ్మమ్మగారు మడిచిన ఆ తొమ్మిది వేళ్ళూ ఏదో ఒక పట్టికలో ఉన్నాయి.

శారద_వి
ఇన్నేళ్ళకి ఆ అమ్మాయి మీద కోపం పోయింది. థాంక్యూ.

కొత్త_గొంతు
ఇలాంటిదే నాదీ ఒక సందేహం. "పూర్వం సగటు ఆయుర్దాయం 30 ఏళ్ళే" అంటారు కదా, మరి పూర్వీకుల్లో 70 దాటిన వాళ్ళు ఎలా ఉన్నారు?

ధర్మసందేహం
శారద గారి పోస్టే దీనికి జవాబు. పసితనంలో పోయినవాళ్ళు సగటుని కిందికి లాగేస్తారు. పుట్టిన ఇద్దరిలో ఒకరు ఏడాది లోపే పోయి, ఇంకొకరు 60 దాకా బతికితే సగటు 30. 30 ఏళ్ళకే అందరూ ముసలివాళ్ళయ్యేవారని కాదు.

మధుమాలతి
దీనికి తిరగేసిన చిక్కు ఇంకోటి. వెయ్యి మందికి ఏటా ఎంతమంది పోతున్నారో చూస్తే జపాన్‌లో 12 పైనే, మన దగ్గర ఇంచుమించు 7. జపాన్‌లో ఆయుర్దాయం 84 ఏళ్ళు! ఎక్కువ కాలం బతికే దేశంలోనే ఎక్కువమంది పోతున్నారు. మాస్టారి మూడు గళ్ళే దీనికీ సమాధానం, పైగడి నిండిపోయింది.

స్నేహ_90
నాకు టీఎఫ్‌ఆర్ మీదే అనుమానం. మా అక్కకి మొదటి పాప 22కి, నాకు 33కి. ఇద్దరికీ ఇద్దరేసి పిల్లలు. నాలాంటి వాళ్ళు పెరిగితే మధ్యలో కొన్నేళ్ళు పిల్లలే పుట్టనట్టు కనిపిస్తుంది కదా?

పట్టికల_పిచ్చి
స్నేహ గారూ, మీరు పరిశోధకుల మాట అనేశారు. టీఎఫ్‌ఆర్ ఏ ఒక్క మహిళ జీవితమూ కాదు. ఈ ఏడాది 20 ఏళ్ళవాళ్ళు, 30 ఏళ్ళవాళ్ళు, 40 ఏళ్ళవాళ్ళు ఎంతమందిని కన్నారో కలిపి కుట్టిన బొంత. అందరూ కాన్పు వాయిదా వేస్తే అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. బొంగార్ట్స్, ఫీనీ 1998లో దీన్ని సరిచేసే సూత్రం ఇచ్చారు.

చక్కటి ఉదాహరణ జపాన్ 1966. 60 ఏళ్ళకోసారి వచ్చే ఆ "అగ్ని గుర్రం" ఏడాదిలో ఆడపిల్ల పుడితే మంచిది కాదని నమ్మకం. ముందు ఏడాది 2.14 ఉన్న టీఎఫ్‌ఆర్ 1.58కి పడింది, తర్వాతి ఏడాది మళ్ళీ రెండు దాటింది. ఆ తరం తల్లులు మొత్తం మీద కన్న పిల్లలు ఏమంత తగ్గలేదు, ముందుకో వెనక్కో జరిపారు. 1989లో ఏ అపశకునమూ లేకుండానే 1.57 వచ్చేసరికి దేశం ఉలిక్కిపడింది.

ధర్మసందేహం
కానీ అన్నిటికీ "వాయిదా" అని సర్దిచెప్పుకోకూడదు. దక్షిణ కొరియా 2023లో 0.72. ఏళ్ళ తరబడి ఒకటి కంటే కిందే ఉంది. వాయిదా వేసిన పిల్లలు ఎప్పటికో పుట్టాలి కదా? పుట్టడం లేదు.

స్నేహ_90
నిజమే. వాయిదా వేస్తూ వేస్తూ ఇక వద్దనుకున్న స్నేహితులు నాకే ఇద్దరున్నారు.

నిశాచరి
వలసల మాట ఎవరూ ఎత్తలేదేం? మా అన్నయ్య ఎనిమిదేళ్ళుగా బయటి దేశంలో. అక్కడ లెక్కలో ఉన్నాడా, ఇక్కడా?

సుగుణ_టీచర్
మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడ రాస్తాం. కానీ తల్లులు ఒప్పుకోరు. "వాడి పేరు రాయకపోతే ఎలా" అని పట్టుబడతారు.

మధుమాలతి
వెళ్ళిన చోట ఎలా కనిపిస్తారో చూడాలంటే ఖతార్ పిరమిడ్ చూడండి. జనాభాలో మగవాళ్ళు 70 శాతం పైనే. పని చేసే వయసు దగ్గర ఒక పక్కకి కడుపు ఉబ్బినట్టుంటుంది. అక్కడ పుట్టినవాళ్ళు కాదు, విమానంలో దిగినవాళ్ళు.

వెన్నెల_ఎం
ఇంత పెద్ద చర్చ అవుతుందనుకోలేదు. చివరి ప్రశ్న. "2080ల్లో ప్రపంచ జనాభా 1030 కోట్లకి చేరి ఆ తర్వాత తగ్గుతుంది" అని ఐక్యరాజ్యసమితి 2024లో చెప్పింది కదా, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

లెక్కల_మాస్టారు
ముక్కలుగా నమ్మండి. 2060లో 60 ఏళ్ళ వాళ్ళు ఎంతమంది అంటే, వాళ్ళు ఇప్పటికే పుట్టి మన మధ్య తిరుగుతున్నారు. మరణాల లెక్క, వలసల లెక్క తీసేస్తే చాలు, పెద్దగా గురి తప్పదు. 2060లో ఐదేళ్ళ పిల్లలు ఎంతమంది అంటే, వాళ్ళని కనాల్సిన తల్లులే చాలామంది ఇంకా పుట్టలేదు. అక్కడ రెండు ఊహలు ఒకదాని మీద ఒకటి. అందుకే సమితి వాళ్ళు ఒకే గీత గీయరు. ఒక్కో మహిళకి అర బిడ్డ ఎక్కువైతే ఒకటి, అర బిడ్డ తక్కువైతే ఒకటి కూడా ఇస్తారు. శతాబ్దం చివరికి ఆ గీతల మధ్య వందల కోట్ల తేడా. పేపర్లో మధ్య గీత ఒక్కటే వేస్తారు, మనం అదే జాతకం అనుకుంటాం.

వెన్నెల_ఎం
రాత్రి తమ్ముడు 2011 సెన్సస్‌లో ఒక్కో ఏడాది వయసు వారీ పట్టిక దించి, కంప్యూటర్‌లో పిరమిడ్ గీశాడు. నున్నగా ఉంటుందనుకుంటే దువ్వెనలా వచ్చింది, ప్రతి ఐదేళ్ళకీ ఒక పన్ను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని 50 దగ్గర వేలు పెట్టి "ఆ ఏడాది ఇంతమంది పుట్టారా?" అని అడిగారు. అమ్మ వంటింట్లోంచి "మీరు కూడా ఆ రోజు యాభై అనే రాయించారు, నలభై ఎనిమిదో తొమ్మిదో ఉండేవి" అంది. నాన్న కాసేపు ఆ పట్టీ వైపే చూసి, తన చిన్నప్పటి స్కూలు సర్టిఫికెట్ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.

సుగుణ_టీచర్
ఆ సర్టిఫికెట్‌లో తేదీ జూన్, జూలైలో ఉందేమో చూడండి. బడిలో చేర్చిన రోజే పుట్టినరోజుగా రాసేసేవారు.

వెన్నెల_ఎం
జూలై 1.